కూరేశులు కోల్పోయినవి, కోల్పోనిది

క్రొత్తగా పరిచయమైన ఇద్దరు గృహస్థులు మాటలాడుకొనునపుడు పేరు తరువాత వచ్చు ప్రశ్న ‘ఏమి చేయుచున్నారు?’ అనునదే. ఒకరు అధ్యాపకుడనని చెప్పుదురు, ఒకరు వర్తకుడనని చెప్పుదురు, మరియొకరు సేద్యము చేయుచున్నానందురు. ఆ సమాధానముతో ఎదుటివారికే కాక చెప్పినవారికి కూడ తామెవరో తెలిసినట్లు తోచును. కాని ఆ ఉద్యోగము పోయిన నాడు, ఆ వ్యాపారము చేజారిన నాడు, చదువవలసిన కన్ను మసకబారి వ్రాయవలసిన చేయి వణకిన నాడు అదే ప్రశ్నకు నోట మాట రాదు. వైద్యశాలలో మంచము పట్టిన మనిషిని నొప్పికంటె ఎక్కువగా బాధించునది, ఇక తానెందుకు పనికివచ్చుదును అను చింతయే.

దివ్యక్షేత్రములకు వచ్చు యాత్రికులలో ఈ భారమును మోసికొని వచ్చువారు ఎందరో కలరు. వారి మనస్సున మూడు సందేహములు మెదలుచుండును. చేయుచున్న పని పోయి, దేహబలము తరిగిన పిమ్మట మనిషికి మిగులునదేమి? ఈ కష్టము ఎవరి దోషమువలన వచ్చినది? భగవంతుని సన్నిధిలో నిలిచినపుడు ఆరోగ్యమును అడుగవచ్చునా, అడుగరాదా? ఈ మూడు ప్రశ్నలును ఒకదాని వెంట నొకటి ఎదురైన జీవితము శ్రీవైష్ణవ గురుపరంపరలో ఒకటి కలదు. అది శ్రీవత్సాంకమిశ్రులది. కూరత్తాళ్వాన్ అనియు, కూరేశులనియు లోకము వారినే కీర్తించుచున్నది.

కాంచీపురమునకు సమీపమున నున్న కూరము అను గ్రామము పల్లవుల తామ్రశాసనమువలన చరిత్రలో పేరుగన్నది. ఆ గ్రామమున సంపన్నమైన ఇంట కూరేశులు జన్మించిరి. వయస్సున భగవద్రామానుజులకంటె కొంచెము పెద్దవారైనను ఆయనకు శిష్యులైరి. వారి ఇంట పగలంతయు అన్నదానము సాగెడిది. రాత్రి చివరి అతిథి భుజించి వెడలిన పిమ్మట సింహద్వారపు తలుపులు మూసినచో ఆ ధ్వని కంచి వరకు వినవచ్చెడిదట. ఒక రాత్రి ఆ ధ్వని విని పెరుందేవి తాయారు అది తమ ఆలయపు తలుపుల చప్పుడా అని అడిగినదనియు, తిరుక్కచ్చినంబి అది కూరేశుల ఇంటిదని విన్నవించిరనియు పెద్దలు చెప్పుదురు. ఈ సంగతి చెవినబడినపుడు ఇంకొకరైనచో పొంగిపోయెడివారు. కూరేశులు సిగ్గుపడిరి. స్వామి ఆలయపు చప్పుడుతో తమ ఇంటి చప్పుడు పోటీపడుట వారికి అపచారముగా తోచినది. ఉన్న సర్వస్వమును పంచివేసి, ధర్మపత్నియైన ఆండాళ్‌తో కలిసి కాలినడకన శ్రీరంగమునకు బయలుదేరిరి.

దారిలో అడవి వచ్చినది. ఆండాళ్ భయపడుచు నడచుట చూచి, చేతిలో ఏమైన విలువగల వస్తువున్నదా అని భర్త అడిగిరి. ఆయన నీరు త్రాగుటకు ఉపయోగపడునని ఒక బంగారు గిన్నెను మాత్రము దాచి తెచ్చితినని ఆమె చెప్పినది. కూరేశులు దానిని తీసి పొదలలోనికి విసరివైచి, ఇక భయము లేదు, నడువుమనిరి. పిమ్మట ఆమెకు భయము కలుగలేదట. వదలిపెట్టుటలో భర్తకున్న ధైర్యము లోకము గుర్తించును. వదలిపెట్టిన పిమ్మట ఇల్లు నడుపవలసిన భార్య ధైర్యమును కూడ గుర్తింపవలెను. ఆ ఒక్క గిన్నె లోభముచేత తెచ్చినది కాదు, భర్త దప్పికను తలచి తెచ్చినది.

వందలమందికి అన్నము పెట్టిన చేయి శ్రీరంగ వీధులలో ఉంఛవృత్తికి చాచబడినది. కూరేశుల జీవితమున ఇది మొదటి మార్పు. ఇష్టపడి స్వీకరించినదే అయినను ఆకలి మాత్రము నిజమైన ఆకలియే. ఒకనాడు ఎడతెరపి లేని వానవలన వారు బయటికి వెళ్లలేకపోయిరి. దంపతులు పస్తుండిరి. రాత్రి శ్రీరంగనాథుని ఆరగింపు వేళ మ్రోగిన వాద్యధ్వని విని, నీ భక్తుడు పస్తుండగా నీవు భోగము ఆరగింతువా అని ఆండాళ్ మనస్సున అనుకొన్నదట. కొంతసేపటికి ఆలయ పరిచారకులు ప్రసాదము తెచ్చి ఇచ్చిరి. అడిగినది తానేనని ఆమె ఒప్పుకొనగా కూరేశులు ఆనందింపలేదు, స్వామికి శ్రమ కలిగించితిమని నొచ్చుకొనిరి. ఆ ప్రసాద ప్రభావముననే వారికి పరాశరభట్టరు, వ్యాసభట్టరు అను కుమారులు కలిగిరని సంప్రదాయము. వారిలో పరాశరభట్టరే విష్ణుసహస్రనామములకు భగవద్గుణదర్పణమను భాష్యము రచించిన మహావిద్వాంసులు.

రెండవ మార్పు విద్యకు సంబంధించినది. శ్రీభాష్య రచనకు బోధాయనవృత్తి ఆవశ్యకమై రామానుజులు కాశ్మీరమునకు వెళ్లినపుడు కూరేశులు వెంట నుండిరి. దొరికిన గ్రంథమును అచటి పండితులు మరల తీసికొనిపోగా ఆచార్యులు చింతించిరి. రాత్రులు ఆచార్యులు నిద్రించునపుడు కూరేశులు ఆ గ్రంథమును చదివి ధారణలో నిలుపుకొని యుండిరి. ఆ ధారణయే భాష్యమునకు ఆధారమైనది. శ్రీరంగమునకు తిరిగివచ్చిన పిమ్మట రామానుజులు చెప్పుచుండగా వ్రాయు పని కూరేశులది. అన్నదాత భిక్షుకుడై, భిక్షుకుడు లేఖకుడైనాడు.

ఆ లేఖనమున ఒక నియమముండెను. చెప్పినది సిద్ధాంతమునకు సరిపడదని తోచినచో కలము ఆపవలెను. ఒకనాడు ఆచార్యులు జీవాత్మ స్వరూపమును నిర్ణయించుచు, జీవుడు జ్ఞాత, అనగా తెలిసికొనువాడు అని చెప్పి ఊరకుండిరి. కూరేశుల కలము ఆగిపోయినది. జీవుడు తెలిసికొనువాడగుట నిజమే. కాని అంతకుమించి అతడు భగవంతునకు శేషుడు, అనగా స్వామి సొత్తు. ఆ మాట లేక స్వరూపనిర్ణయము పూర్తికాదని కూరేశుల భావము. ఆచార్యులకు కోపము వచ్చి, అటులైన భాష్యమును నీవే వ్రాసికొనుమని లేచిపోయిరి. ఇపుడేమి చేయుదువని తోటివారు అడుగగా కూరేశులు కలత చెందలేదు. సొత్తును ఏమి చేయవలెనో స్వామి నిర్ణయించును, సొత్తునకు చింత యెందుకు అని ఊరకుండిరి. తరువాత ఆచార్యులు ఆలోచించి, కూరేశులు కలము ఆపుట సరియే అని గ్రహించి, వారిని చేరదీసి రచన సాగించిరి.

ఈ ఘట్టమున శాస్త్రచర్చ కొంచెము, జీవితపాఠము ఎక్కువ. మనిషి తానెవరని అడిగిన, తెలిసినవాడనని చెప్పుకొనుట సులభము. వయస్సు వచ్చును, జ్ఞాపకము తగ్గును, రోగము వచ్చును, తెలివియే చెదరును. అపుడు తెలిసికొనువాడు ఏమైపోయెను? శేషత్వము అట్లు కాదు. ఇంటిలోని రాగిచెంబు సొట్టపడినను అది ఆ ఇంటిదే. తోమి బోర్లించినను, నీరు నింపినను, మూలన పడియున్నను యజమాని మారడు. కూరేశులు ఆనాడు కలము ఆపి నిలిపిన సిద్ధాంతమును తరువాతి కాలమున తమ దేహముతోనే నిరూపింపవలసివచ్చినది.

చోళరాజొకడు తన మతమునే సర్వోత్కృష్టముగా అంగీకరించుచు విద్వాంసులందరును చేవ్రాలు చేయవలెనని శాసించెను. గురుపరంపర అతనిని క్రిమికంఠుడని పిలుచును. అతడు చరిత్రలో ఏ చోళుడను విషయమున చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. రామానుజులో కూరేశులో చేవ్రాలు చేయనిచో మిగిలినవారి చేవ్రాళ్లకు విలువ లేదని నాలూరాను అను వాడు రాజునకు నూరిపోసెను. అతడు కూరేశుల శిష్యుడే అని సంప్రదాయము. రాజభటులు రాగా కూరేశులు ఆచార్యుల కాషాయమును తాము ధరించి, వృద్ధులైన పెరియనంబిగారితో రాజసభకు వెళ్లిరి. రామానుజులు గృహస్థుని తెల్లవస్త్రములు ధరించి పడమటి దేశమునకు, నేటి కర్ణాటకములోని మేల్కోట ప్రాంతమునకు వెడలిరి. రాజసభలో కూరేశులు చేవ్రాలు చేయలేదు. కన్నులు కోల్పోయిరి. రాజు ఆజ్ఞ వెలువడగానే, ఇట్టి వానిని చూచిన కన్నులు ఇక వలదని తామే పెరికివైచుకొనిరని పెద్దలు చెప్పుదురు. పెరియనంబిగారు కన్నులు పోయిన బాధకు ఓర్వలేక త్రోవలోనే పరమపదించిరి.

లేఖకునికి కన్నులు పోయినవి. సంపద వదలినది ఇష్టముతో, కన్నులు పోయినది కష్టముతో. ఈ భేదము చిన్నది కాదు. పదవిని తానై వదలినవానిని లోకము త్యాగి అనును. రోగముచేత పదవి పోయినవానిపై జాలి చూపి మరచిపోవును. కూరేశుల జీవితమున ఈ రెండును కలవు కనుకనే వారి చరిత్ర నేటి గృహస్థునకు దగ్గరైనది.

గ్రుడ్డివారై శ్రీరంగమునకు తిరిగివచ్చిన కూరేశులను ఆలయద్వారమున ఆపిరి. రామానుజ సంబంధము గలవారిని లోనికి విడువరాదని ఆజ్ఞ. ఇంకొక ద్వారపాలకుడు, ఈయన సద్గుణసంపన్నుడు, అందరికి కావలసినవాడు, ఈయనను విడువవచ్చును అనెను. కూరేశులు వెనుకకు తిరిగిరి. సద్గుణములు ఆచార్య సంబంధమునకు తోడ్పడవలెను గాని, ఆ సంబంధము లేదని చూపి లోనికి పోవుటకు ఉపయోగపడరాదని వారి నిశ్చయము. చూడ కన్నులు లేవు, నిలువ ఊరు లేదు, పొరుగువారి మంచిమాట చాటున లోనికి దూరు అవకాశము మాత్రము వచ్చినది. దానిని వారు వలదనిరి.

కుటుంబముతో మధురకు సమీపమున నున్న తిరుమాలిరుంశోలైకి చేరిరి. అచట వెలసిన సుందరబాహుస్వామిపై స్తవమును రచించిరి. వారి స్తవములు 5. శ్రీవైకుంఠస్తవము, అతిమానుషస్తవము, సుందరబాహుస్తవము, వరదరాజస్తవము, శ్రీస్తవము. శ్రీస్తవము 11 శ్లోకములదే అయినను శ్రీవైష్ణవ గృహములలో నేటికిని అనుసంధింపబడుచున్నది. స్వామి రూపమును కన్నులతో చూడలేని వ్యక్తి ఆ రూపముపైననే స్తవము చెప్పుట ఆశ్చర్యము. చదివినదెల్ల ధారణలో నిలుపుకొన్న అలవాటు ఇపుడు చేయూతనిచ్చినది. కాశ్మీరపు రాత్రులలో ఆచార్యుల కొరకు చేసిన అభ్యాసము చీకటి దినములలో తమకు దీపమైనది. పని మారినపుడు పాతవిద్య వ్యర్థమగునని దుఃఖించువారు ఈ సంగతి గమనింపవలెను. శ్రద్ధతో చేసిన పని ఏదియు పూర్తిగా పోదు, వేరొక రూపమున తిరిగివచ్చును.

పండ్రెండు సంవత్సరములకు రామానుజులు శ్రీరంగమునకు తిరిగివచ్చిరి. పాదములపై పడిన కూరేశులను లేవనెత్తి, కన్నులు లేని ముఖమును చూచి కన్నీరు మున్నీరుగా విలపించిరి. కూరేశులు, ఎప్పుడో ఒక భాగవతుని తిరుమణి వంకరగా ఉన్నదని మనస్సున అనుకొని యుందును, ఆ అపచార ఫలమిది అనిరి. రామానుజులు ఆ మాటను అంగీకరింపలేదు. నీకు దోషమెక్కడిది, నా దోషమే నీకిట్లు చేసినదని బదులు పలికిరి.

రెండవ సందేహమునకు సమాధానము ఈ సంభాషణముననే కలదు. కర్మసిద్ధాంతము సత్యము. కాని దానిని ఎవరి విషయమున ఎవరు ప్రయోగింపవలెను? రోగియైనవాడు వినయముతో తన లోపమును వెదకికొనవచ్చును. అది అతని సొంత సాధన. చూడవచ్చినవాడు మంచము ప్రక్కన కూర్చుండి, పూర్వజన్మమున ఏ పాపము చేసితివో అని పలుకుట శాస్త్రజ్ఞానము కాదు, క్రౌర్యము. జగదాచార్యులైన రామానుజులకు తెలియని కర్మసిద్ధాంతము లేదు. అయినను శిష్యుని ఎదుట వారు దోషమును తమపై వేసికొనిరి. ఇతరుల కష్టమును చూచినపుడు దానిలో తమ వంతు ఏమున్నదని వెదకుట పెద్దల మార్గము. పని పోయిన బంధువునకు పిలుపు మానివేసినవారు, జబ్బుపడిన కోడలిని అపశకునమనినవారు ఈ ఘట్టమును మరల మరల తలచుకొనవలెను.

ఇక మూడవ సందేహము. రామానుజులు కూరేశులను కంచికి తోడ్కొనిపోయి, వరదుడు అడిగినది ఇచ్చువాడు, స్తుతించి కన్నులు అడుగుమని ఆజ్ఞాపించిరి. ఏ ఆలయపు తలుపులతో ఒకనాడు తమ ఇంటి తలుపుల చప్పుడు పోటీపడెనో ఆ ఆలయమునకే కూరేశులు ఇల్లు లేక, కన్ను లేక వచ్చి నిలిచిరి. స్తవము చెప్పిరి. స్వామి ప్రసన్నుడై వరము కోరుకొనుమనగా, తాము పొందబోవు గతిని నాలూరాను కూడ పొందవలెనని కోరిరి. తమ కన్నులు పోవుటకు కారకుడైనవాడు నరకమునకు పోకుండుటే వారికి కావలసిన వరమైనది.

లోకము ఈ కథను ఇంతటితో ఆపి కూరేశుల క్షమను పొగడును. పొగడదగినదే. కాని ఆనాడు రామానుజులు సంతోషింపలేదు. తమ ఆజ్ఞ నెరవేరలేదని నొచ్చుకొనిరి. పిమ్మట కూరేశులు, భగవంతుని, ఆచార్యుని చూచుటకు చాలినంత దృష్టిని మాత్రము పొందిరని కొందరు పెద్దల మాట. ఆచార్యుల అసంతృప్తిలో గొప్ప ధర్మసూక్ష్మము కలదు. కూరేశుల దేహము కూరేశులది మాత్రమే కాదు. భాష్యమునకు, శిష్యులకు, ఆచార్యులకు అది కావలసియున్నది. తాను స్వామి సొత్తని నమ్మినవాడు ఆ సొత్తు బాగుపడవలెనని కోరుట స్వార్థము కాదని రామానుజుల హృదయము. శేషత్వము కూరేశులకు అడుగకుండుటను నేర్పినది. అదే శేషత్వము ఆచార్యులచేత అడుగుమనిపించినది.

గీతలో 7వ అధ్యాయమున భగవంతుడు తన్ను సేవించువారిని నాలుగు విధములుగా చెప్పెను. ఆపదలోనున్న ఆర్తుడు, ఆత్మను తెలిసికొనగోరు జిజ్ఞాసువు, ఐశ్వర్యమును కోరు అర్థార్థి, జ్ఞాని. జ్ఞాని తనకు ఆత్మయే అనుచునే నలుగురిని ఉదారులనెను. అడుగువారిలో ఔదార్యమేమి? ఇచ్చువాడు నీవని నమ్మి వచ్చి చేయి చాచుటయే స్వామి దృష్టిలో ఔదార్యమైనది. మేల్పత్తూర్ నారాయణభట్టతిరి వాతరోగపీడితుడై గురువాయూరు స్వామిని 100 దశకముల నారాయణీయముతో ఆరోగ్యమునకై ప్రార్థించెను. ఆ కావ్యమును నేటికిని రోగులు పారాయణము చేయుచున్నారు. కూరేశులు అడుగలేదని భట్టతిరి అడుగుట తక్కువ కాలేదు. కనుక మోకాలినొప్పితో మెట్లెక్కలేక క్యూలో నిలిచి, నా ఆరోగ్యము నిలుపుము స్వామీ అని వేడుకొను వృద్ధురాలికి ఎవరును వైరాగ్యబోధ చేయనక్కరలేదు. వైరాగ్యము తనకు తాను విధించుకొనదగినది, ఇతరులపై రుద్దదగినది కాదు.

స్వామిని అడుగుటతోపాటు వైద్యుని అడుగుట కూడ ధర్మమే. కంటిపొరకు నేడు శస్త్రచికిత్స కలదు, మధుమేహమునకును రక్తపుపోటునకును ఔషధములు కలవు. మ్రొక్కు చెల్లించితిమి గదా అని మందు మానివేయుట భక్తి కాదు. స్వామి సొత్తును పాడుచేయుటయే అగును. శ్రీనివాసుని పాదముల చెంత తిరుపతిలో 1993లో స్విమ్స్ వైద్యశాల వెలసినది. ఆలయమునకు వచ్చినవారు అచటికి వెళ్లుటలోను, అచటినుండి ఆలయమునకు వచ్చుటలోను విరోధమేమియు లేదు.

మందుకు లొంగని రోగములు, తిరిగిరాని ఉద్యోగములు కూడ కలవు. నలుబది ఏండ్లు పాఠము చెప్పిన కంఠము పోవచ్చును. మగ్గము నేసిన వ్రేళ్లు బిగుసుకొనిపోవచ్చును. అట్టివారికి కూరేశుల చరిత్ర చూపు మార్గము సులభమైనది కాదు గాని స్పష్టమైనది. ఇక మీదట చేయగలిగిన చిన్నపనిని చిన్నదనక చేపట్టవలెను. వ్రాయలేనివారు చెప్పవచ్చును, చెప్పలేనివారు వినవచ్చును. తిరిగి పనిచేయలేని తండ్రి మనుమనికి ఒక నామము నేర్పవచ్చును. ఏమియు చేయలేక ఇతరుల సేవను అందుకొనవలసి వచ్చినపుడు దానిని సిగ్గుపడక అందుకొనుట కూడ ఒక సేవయే. కూరేశులంతటివారు ఒకరి చేయి పట్టుకొని నడచిరి. ఇంటివారును అట్టివానిని ఇంటిమూల పాతసామానుగా చూడక, అతనితో సంప్రదించుచు, అతని మాటకు చోటిచ్చుచు మెలగవలెను. తాను ఇంకను ఈ ఇంటివాడనే అను నమ్మకము రోగికి ఔషధమంత బలము నిచ్చును.

కూరేశుల చివరి దినములలో శ్రీరంగనాథుడు వారికి పరమపదమును అనుగ్రహించెను. కూరేశుల సంబంధము గలవారందరికిని ఆ పదము కలదని విని రామానుజులు ఆనందముతో తమ ఉత్తరీయమును పైకెగురవైచిరి. కూరేశుల సంబంధమువలన తమకును అది నిశ్చయమైనదని వారి సంతోషము. అయినను తమకు ముందుగా వెళ్లుటకు తొందర యెందుకని శిష్యుని అడుగగా, ఆచార్యులు విచ్చేయునపుడు ఎదురేగి స్వాగతమిచ్చుటకు తాము ముందుండవలదా అని కూరేశులు విన్నవించిరట. సంపద పోయినది, కన్నులు పోయినవి, దేహమే పోవుచున్నది. చేయవలసిన సేవ మాత్రము వారికి ఇంకను మిగిలియున్నది.

వృత్తి మారినవారికి, వ్యాధిచేత క్రుంగినవారికి, వారిని కనిపెట్టుకొనియున్న ఇంటివారికి వరదుడు ఆరోగ్యమును, ధైర్యమును, తాము ఆయన వారమను ఎరుకను ప్రసాదించుగాక.